లయ తప్పిన గుండె, వేళ తప్పకూడని మందు
(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో, ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టర్ని కాను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ మంచిది, నాకూ మంచిది. ముప్పై ఏళ్లుగా విద్యుత్ సబ్‌స్టేషన్లలో రిలేలు, బ్రేకర్లు చూసుకుంటున్న ఇంజనీర్ని. మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "ఆరోగ్య సదస్సులో నువ్వూ మాట్లాడాలిరా" అన్నాడు. "డాక్టర్లు మన బ్యాచీలోనే ఉన్నారు గదా, నేనెందుకు?" అన్నాను. "వాళ్లు మందులు రాసేవాళ్లు. నువ్వు మింగేవాడివి. మింగేవాడి మాట కూడా నలుగురూ వినాలి" అన్నాడు. దానికి ఎదురు చెప్పలేకపోయాను.

కాబట్టి ఇవాళ నేను చెప్పేది వైద్యం కాదు. గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే మందుల గురించి, ఒక రోగిగా, ఒక రోగికి తమ్ముడిగా నేను నేర్చుకున్నది. అందులో ఒక పాఠం చాలా ఖరీదుగా నేర్చుకున్నాను. అదీ చెబుతాను.

మన సైన్సు మాస్టారు ఒకసారి టేకు ఆకులో మేక గుండె పొట్లం కట్టించుకుని క్లాసుకి తెచ్చిన రోజు కొందరికైనా గుర్తుండే ఉంటుంది. బల్ల మీద పెట్టి, బ్లేడుతో చీల్చి, "ఇవి కర్ణికలు, ఇవి జఠరికలు" అని చూపించారు. "దీన్ని ఆడించే మోటారు ఏదిరా?" అని అడిగారు. ఎవరం చెప్పలేదు. "మోటారు బయట లేదు, కరెంటు కూడా లోపలే పుడుతుంది" అన్నారాయన. నేను కరెంటు చదువుకి పోవడానికి ఆ మాటే కారణమేమో.

ఇప్పుడు అందరూ ఒక పని చెయ్యండి. కుడిచేతి వేళ్లతో ఎడమ మణికట్టు దగ్గర నాడి పట్టుకోండి. బొటనవేలు వద్దు, మిగతా వేళ్లతో. గుండె కుడి కర్ణికలో సిరాకర్ణికా కణుపు అని ఒక చిన్న కణాల ముద్ద ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు అదే సంకేతం పంపిస్తుంది. ఆ సంకేతం కర్ణికల్లో పాకి, మధ్యలో కర్ణికాజఠరికా కణుపు దగ్గర రవ్వంత ఆగి, తర్వాత జఠరికలకి చేరుతుంది. రోజుకి లక్ష సార్లు ఈ పని జరుగుతుంది. మా గ్రిడ్లో ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలబెట్టడానికి ఎంతమంది ఇరవై నాలుగు గంటలూ కాపలా కాస్తామో నాకు తెలుసు. ఈ ముద్దకి షిఫ్టు డ్యూటీ కూడా లేదు.

మీ నాడి గడియారంలా సమంగా కొట్టుకుంటోందా? చాలామందికి అంతే ఉంటుంది. మధ్యలో ఎప్పుడో ఒక దెబ్బ ముందుగా పడి, చిన్న ఖాళీ వచ్చినా సాధారణంగా భయం లేదు. కానీ ఏ దెబ్బకీ తర్వాతి దెబ్బకీ పొంతన లేకుండా ఉంటే, అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. అలాంటివాళ్లు ఇక్కడెవరైనా ఉంటే కంగారు పడకండి, బయట ఈసీజీ మిషను ఉంది, తీయించుకునే వెళ్లండి.

ఈ జబ్బులో కర్ణికల్లో నిమిషానికి 350 నుంచి 600 దాకా అస్తవ్యస్తమైన సంకేతాలు పుడతాయి. కర్ణిక ముడుచుకోదు, ఊరికే వణుకుతుంది. మధ్య కణుపు అన్నిటినీ కిందికి వదలదు గనక బతికిపోతాం. అయినా మందు లేకపోతే నాడి నూట ముప్పై, నూట యాభై దాకా పోవచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. వణికే కర్ణికలో రక్తం నిలవ ఉంటుంది. ఎడమ కర్ణిక పక్కన చిన్న సంచిలాంటి భాగం ఉంది. ఎక్కువగా అక్కడే రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకి పోతే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్లకి పక్షవాతం ముప్పు లేనివాళ్లకంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువ.

అందుకే మందులకి మూడు పనులుంటాయి. ఒకటి, వేగం తగ్గించడం. రెండు, లయ సరిచేయడం. మూడు, గడ్డ కట్టకుండా చూడడం. ఇవి మూడూ వేరు వేరు పనులు. వేగానికో లయకో ఇచ్చే మందు గడ్డ కట్టకుండా ఆపదు. ఈ ఒక్క ముక్క మీరు ఇంటికి పట్టుకెళ్తే నేను వచ్చిన పని అయినట్టే. ఈ ముక్క తెలియకే నేను మా అక్కకి అన్యాయం చేశాను.

అక్క నాకంటే రెండు క్లాసులు పైన ఇక్కడే చదివింది. వార్షికోత్సవాల్లో పద్యం చదవాలంటే అక్కనే పిలిచేవారు. ఆ గొంతు ఈ హాల్లో చాలామందికి గుర్తుండాలి. ఎనిమిదో తరగతిలో ఉండగా గొంతునొప్పి, జ్వరం వచ్చి పోయాయి. తర్వాత కీళ్లు వాచాయి. మోకాలు తగ్గితే మణికట్టు, అది తగ్గితే మడమ. ఎదిగే వయసు నొప్పులన్నారు. కాపడం పెట్టారు. తగ్గిపోయింది. అది కీళ్లవాతం జ్వరమని, కీళ్లని వదిలి గుండె కవాటాన్ని పట్టుకుందని తెలిసేసరికి అక్కకి నలభై దాటాయి. మెట్లెక్కితే ఆయాసం. ఎడమ వైపు కవాటం సన్నబడింది, లయ తప్పింది. బెలూను పెట్టి కవాటం వెడల్పు చేశారు. వేగానికి మెటోప్రొలాల్, డిగాక్సిన్, గడ్డ కట్టకుండా అసెనోకుమరాల్ రాశారు.

తొమ్మిదేళ్ల కిందట ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, పన్ను పీకించుకోవాలిరా. రక్తం పలచబరిచే బిళ్ళ వారం ముందు నుంచి ఆపాలంటున్నారు. ఏం చెయ్యమంటావ్?" నేను డ్యూటీలో ఉన్నాను. "నాడి ఎంతుంది?" అన్నాను. "డెబ్బై ఆరు" అంది. "బాగానే ఉంది గదక్కా, ఆపెయ్" అన్నాను. డాక్టరుకి ఒక ఫోన్ చేయమని అనలేదు. ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో అడగమనలేదు. పన్ను తీయించుకుంది. ఇంట్లో పెళ్లి పనులు. బిళ్ళ సంగతి తనూ మరిచింది, నేనూ మరిచాను. పదహారో రోజు తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తూ ఉంటే ముగ్గు గిన్నె చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకుందామంటే కుడిచెయ్యి లేవలేదు. బావని పిలుద్దామంటే మాట రాలేదు.

నాడి డెబ్బై ఆరు ఉందని నేను ధీమాగా చెప్పాను. అది వేగం మందు తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. గడ్డ సంగతి నాడికి తెలియదు. మీటరులో వోల్టేజి చూసి ట్రాన్స్‌ఫార్మర్లో ఆయిలు బాగుందని చెప్పినట్టయింది నా తెలివి. పన్ను తీయడం లాంటి చిన్న పనులకి, రక్తపరీక్ష సరైన హద్దులో ఉంటే, సాధారణంగా ఈ మందు ఆపకుండానే దూది ఒత్తి, కుట్టు వేసి రక్తం ఆపుతారని తర్వాత తెలుసుకున్నాను. తర్వాత తెలుసుకున్నదానికి విలువేముంది? ఇదిగో, మీకు చెప్పడానికి పనికొస్తోంది.

అప్పటి నుంచి ఈ మందుల గురించి చదవడం మొదలుపెట్టాను. ఇంజనీరు బుద్ధి గదా, ఏది ఎక్కడ నుంచి వచ్చిందో చూడాలనిపించింది. ఒక్కొక్కదాని వెనక ఒక కథ ఉంది.

డిగాక్సిన్ జాతి మందు ఒక పూల మొక్కది. ఇంగ్లండులో ఒక పల్లెటూరి పెద్దావిడ ఒంటినీరుకి ఇచ్చే ఆకుల మందులో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అనే మొక్కేనని విలియం విథరింగ్ అనే వైద్యుడు గుర్తించి, 1785లో పుస్తకం రాశాడు. మేలు చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం తక్కువని ఆనాడే హెచ్చరించాడు. ఇప్పటికీ అంతే. ఆకలి పోవడం, వాంతులు, చూపులో పసుపు రంగు కనబడితే వెంటనే డాక్టరుకి చెప్పాలి. నీరు పోయే మాత్రలు కూడా వాడేవాళ్లకి ఒంట్లో పొటాషియం తగ్గితే ఇది మరింత ప్రమాదం. కొందరికి వారంలో అయిదు రోజులే వేసుకోమని రాస్తారు. "మిగిలిన రెండు రోజులు ఎందుకు వదలాలి" అని ఏడు రోజులూ మింగేవాళ్లని నేను చూశాను.

లయ సరిచేసే మొదటి మందు మన మలేరియా మందు చుట్టమే. 1914లో వెంకెబాక్ అనే డచ్చి వైద్యుడు ఒక వ్యాపారి సంగతి రాశాడు. తూర్పు ఇండియా దీవుల్లో వ్యాపారం చేసిన మనిషి. గుండె దడ వచ్చినప్పుడు క్వినైన్ వేసుకుంటే మర్నాటికి లయ కుదురుతోందని ఆయనే డాక్టరుకి చెప్పాడట. నమ్మకపోతే మళ్లీ చేసి చూపించాడు. దాని నుంచే 1918లో క్వినిడిన్ వాడకం వచ్చింది. రోగి మాట వినాలి అని మన కార్యదర్శి అన్నది ఉత్తమాట కాదన్నమాట.

తర్వాత జేమ్స్ బ్లాక్ ప్రొప్రనొలాల్ తెచ్చాడు. ఇప్పుడు వాడే మెటోప్రొలాల్ దాని వంశమే. భయం వేసినప్పుడు, పరిగెత్తినప్పుడు గుండెని తొందరపెట్టే అడ్రినలిన్‌కి తలుపు మూస్తుంది. ఆయనకి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మందు ఒక్కసారిగా ఆపితే గుండె ఎగిరిపడుతుంది. ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

అమియోడరోన్ కథ ఇంకోటి. 1960ల మొదట్లో బెల్జియంలో ఛాతీనొప్పికని తయారుచేశారు. ఫిజీలో పుట్టిన భారత సంతతి వైద్యుడు బ్రామా సింగ్, ఆక్స్‌ఫర్డులో వాన్ విలియమ్స్ దగ్గర పనిచేస్తూ, అది లయ మీద ఎలా పనిచేస్తుందో 1970లో చూపించాడు. గుండె కణాల్లోకి సోడియం, కాల్షియం వస్తాయి, పొటాషియం బయటికి పోతుంది, ఆ రాకపోకలే గుండె కరెంటు. ఏ మందు ఏ ద్వారం దగ్గర అడ్డం నిలబడుతుందన్నదాన్ని బట్టి డాక్టర్లు నాలుగు తరగతులు చేసుకున్నారు. అమియోడరోన్ నాలుగు చోట్లా వేలు పెడుతుంది. చాలా గట్టి మందు. ప్రాణం మీదికి వచ్చే జఠరికల లయ దోషాల్లోనూ వాడతారు. కానీ 200 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములు. అందులో కొంతే ఒంట్లోకి విడుదలైనా థైరాయిడ్ తలకిందులు కావచ్చు. ఊపిరితిత్తులు, కాలేయం, కళ్లు కూడా చూసుకోవాలి. అందుకే ఆరు నెలలకోసారి రక్తపరీక్షలు రాస్తారు. మాత్ర ఆపినా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే, "పోయిన సంవత్సరం ఇది వాడాను" అని కూడా చెప్పాలి.

ఇంజనీర్లంతా చదవాల్సిన కథ ఒకటుంది. గుండెపోటు వచ్చి తగ్గినవాళ్లలో మధ్య మధ్య ముందుగా పడే దెబ్బలు ఎక్కువగా ఉంటే, వాళ్లు అకస్మాత్తుగా పోయే ప్రమాదం ఎక్కువని తెలుసు. అయితే ఆ దెబ్బల్ని మందుతో అణిచేస్తే మనిషి బతుకుతాడు గదా అనుకున్నారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ దెబ్బల్ని చక్కగా అణిచేవి. లక్షల్లో వాడకం. అమెరికాలో పరీక్ష పెట్టారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర. 1989లో ఆ మందులతో పరీక్ష మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 1991లో వచ్చిన లెక్క ప్రకారం 1,498 మందిలో, మందు వేసుకున్నవాళ్లలో 63 మంది పోయారు. ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 26 మంది. ఈసీజీ కాగితం బాగుపడింది, మనిషి పోయాడు. మా కంట్రోల్ రూములో అలారం దీపం వెలుగుతోందని బల్బు పీకేసినంత మాత్రాన లైనులో లోపం పోదు. ఫ్లెకైనైడ్ ఇప్పటికీ మంచి మందే. గుండె గోడలు బాగున్నవాళ్లకి ఇస్తారు, గుండెపోటు మచ్చ ఉన్నవాళ్లకి ఇవ్వరు. పక్కింటాయనకి పడిన మాత్ర మనకి పడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరి లయ సరిచేయాలా, వేగం తగ్గిస్తే చాలా? 2002లో 4,060 మంది మీద చేసిన ఒక పెద్ద పరీక్షలో రెండు దార్లలోనూ ఆయుష్షులో తేడా రాలేదు. జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయ సరిచేస్తే మేలుందని 2020లో ఇంకో పరీక్ష చెప్పింది. ఏ దారన్నది డాక్టరు చూసుకుంటారు. నన్ను పట్టుకున్నది మాత్రం 2002 లెక్కలో ఒక వాక్యం. పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువమంది గడ్డ మందు ఆపేసినవాళ్లు, లేదా ఆ మందు చాలినంత పనిచేయనివాళ్లు. లయ కుదిరింది గదా అని ఆపేసినవాళ్లూ అందులో ఉన్నారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ గడ్డ మందు కథతోనే మన సంఘానికి సంబంధం ఉంది. 1933 చలికాలంలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు, చచ్చిపోయిన పెయ్యనీ, ఒక క్యాన్ నిండా గడ్డకట్టని రక్తాన్నీ బండిలో వేసుకుని, మంచు తుఫానులో విశ్వవిద్యాలయానికి వచ్చాడు. కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త కొన్నేళ్లు శ్రమించి, బూజు పట్టిన ఎండుగడ్డిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థాన్ని పట్టుకున్నాడు. దాని నుంచి వచ్చినదే వార్ఫరిన్. మొదట ఎలుకల మందుగా అమ్మారు, తర్వాత మనుషులకి మందైంది. ఆ పరిశోధనకి డబ్బిచ్చింది ఆ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థులు 1925లో పెట్టిన సంస్థ. విస్కాన్సిన్ అలమ్నై రిసెర్చ్ ఫౌండేషన్. ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే వార్ఫ్. వార్ఫరిన్ అనే పేరు అక్కడిది. ప్రపంచమంతా మింగుతున్న మందు పేరులో ఒక పూర్వ విద్యార్థుల సంఘం ఉందండీ.

అక్క వాడే అసెనోకుమరాల్ వార్ఫరిన్‌కి చెల్లెలు. రెండూ విటమిన్ కె పనికి అడ్డం పడతాయి. ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష చేసి, మామూలుగా 2కీ 3కీ మధ్య ఉండేలా మోతాదు సర్దుతారు. 2 దిగితే గడ్డ భయం, 3 బాగా దాటితే రక్తస్రావం భయం. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ. ఆకుకూరలు మానమని కాదు, రోజూ ఒకేలా తినమని. ఆషాఢంలో మునగాకు మంచిదని వరసగా వారం తిని, తర్వాత నెల ముట్టుకోకపోతే పరీక్షలో అంకె ఊయల ఊగుతుంది. ఒళ్లునొప్పులకి కొట్లో కొనే డైక్లోఫెనాక్, విరేచనాలకి వేసే మెట్రోనిడజోల్, పైన చెప్పిన అమియోడరోన్, ఇవన్నీ ఈ మందుతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

ఇప్పుడు డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మందులొచ్చాయి. వీటికి నెలనెలా ఐ.ఎన్.ఆర్. అక్కర్లేదు, ఆకుకూరలతో పేచీ లేదు. కిడ్నీలు ఎలా ఉన్నాయో మాత్రం చూస్తారు. కానీ కీళ్లవాతం వల్ల కవాటం బాగా సన్నబడినవాళ్లకి, లోహపు కవాటం పెట్టినవాళ్లకి పాత మందే. కీళ్లవాతపు గుండెజబ్బు ఉన్నవాళ్లలో పాత మందే మెరుగని 2022లో వచ్చిన పరీక్ష కూడా చెప్పింది. కొత్తది కదా అని అక్కకి మార్పించబోయి, డాక్టరుగారి చేత చీవాట్లు తిన్నాను. ఈసారి కనీసం అడిగాను.

నాకు యాభై మూడో ఏట ఆఫీసు వైద్య పరీక్షలో ఈ లయ దోషమే బయటపడింది. నాకేమీ తెలియలేదు, దడ లేదు, ఆయాసం లేదు. డాక్టరు బీపీకి ఒక మార్కు, షుగరుకి ఒక మార్కు వేసి, "రెండు మార్కులు. గడ్డ మందు వాడాల్సిందే" అన్నారు. బళ్లో ఎప్పుడూ ఎక్కువ మార్కుల కోసం ఏడ్చాను, ఇక్కడ తక్కువొస్తే బాగుండుననిపించింది. పొద్దునొక అపిక్సబాన్, రాత్రొకటి. దాని ప్రభావం పూట దాటితే సగానికి పడిపోతుంది. అందుకే పూట తప్పకూడదు. 

చివరిగా నాలుగు మాటలు. మీ మందుల పేర్లు, మోతాదులు ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. పన్ను పీకించుకున్నా, కన్ను ఆపరేషనైనా, గుండె డాక్టర్ని అడగందే ఏ మాత్రా ఆపొద్దు. ఆపమంటే, "మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలి?" అని తేదీ రాయించుకోండి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, సాయంత్రం దాకా చూద్దామనకండి. ఆ క్షణమే పెద్దాసుపత్రికి బయల్దేరండి.

సంఘానికి నా విన్నపం ఒకటి. విస్కాన్సిన్ వాళ్లంత చేయలేం. కానీ ఇప్పుడు ఈ బళ్లో చదువుతున్న పిల్లలున్నారు. అయిదు నుంచి పదిహేనేళ్ల వయసే కీళ్లవాతం జ్వరం వచ్చే వయసు. గొంతునొప్పికి సమయానికి సరైన మందు పడితే అది రాకుండా ఆపవచ్చు. వచ్చినవాళ్లకి మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేస్తే గుండె ఇంకా పాడవకుండా కాపాడవచ్చు. ఏటా ఒకసారి మన బ్యాచీల డాక్టర్లు వచ్చి పిల్లల గుండెలు వినాలి. ఊళ్లో గడ్డ మందు వాడేవాళ్లకి నెలనెలా ఐ.ఎన్.ఆర్. పరీక్ష ఖర్చు సంఘం పెట్టుకోవాలి. మొదటి సంవత్సరం ఖర్చు నాది.

ఈ సంగతులు నలుగురిలో చెప్పొచ్చా అని అక్కని అడిగాను. ఆరు నెలల ఫిజియోథెరపీ తర్వాత కర్ర పట్టుకుని నడుస్తోంది, మాట మాత్రం ఇంకా కూడబలుక్కుంటూ వస్తుంది. చాలాసేపు నా వంక చూసి, "చెప్పు" అంది. రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తుంది. మాట్లాడ్డానికి కాదు. "వేసుకున్నావా?" ఆ ఒక్క మాట అడగడానికి. నేనూ అదే అడుగుతాను. తొమ్మిదేళ్లలో ఇద్దరం ఒక్క రోజు తప్పలేదు.

అక్క అదిగో, మొదటి వరసలో కూర్చుంది.